పాత మాసీ 1035కు హైడ్రాలిక్ పవర్ స్టీరింగు: పంపు, సిలిండరు, ముందు ఇరుసు గురించి చర్చ

గోదావరి_గట్టు

సభ్యులందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు 1984లో కొన్న మాసీ ఫెర్గూసన్ 1035 ఇప్పటికీ మా పొలం పనులన్నీ చేస్తోంది. సింప్సన్ మూడు సిలిండర్ల ఇంజనుకు రెండుసార్లు బోరు చేయించాము. గేరుపెట్టెలో గానీ లిఫ్టులో గానీ ఏ లోపమూ లేదు. ఇబ్బంది అంతా స్టీరింగుతోనే వస్తోంది. సార్వా దమ్ములో ఇనుప చక్రాలు వేసుకొని మడి చివర మలుపు తిప్పేటప్పుడు ముందు చక్రాలు బురదలో దిగబడిపోతే, రెండు చేతులతో లాగినా స్టీరింగు తిరగడం లేదు. నాన్నగారికి 68 ఏళ్ళు. కుడి భుజం నొప్పి వల్ల వైద్యులు బరువు పని మానమన్నారు, కానీ ఆ బండి సీటు మీద ఇంకొకరిని కూర్చోబెట్టడానికి ఆయన ఒప్పుకోరు.

కొత్త ట్రాక్టరు కొనడం కంటే దీనికే పవర్ స్టీరింగు పెట్టించాలని నా కోరిక. లిఫ్టు పంపు నుంచే నూనె తీసుకోవచ్చా, వేరే పంపు కావాలా? ఆర్బిట్రాల్ (పూర్తిగా నూనె బలంతోనే చక్రాలను తిప్పించే స్టీరింగు యూనిట్) మంచిదా, లారీ పవర్ స్టీరింగు పెట్టె మంచిదా? ధాన్యం ట్రక్కుతో మిల్లుకు రోడ్డు మీద వెళ్ళేటప్పుడు ప్రమాదం ఏమైనా ఉంటుందా? చేసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

లేత్_పని

నమస్కారమండీ. మిర్యాలగూడలో నాకు చిన్న వర్కుషాపు ఉంది. పాత ట్రాక్టర్లకు పవర్ స్టీరింగు అమర్చే పని కొన్నేళ్ళుగా చేస్తున్నాను. పంపు గురించి ఆలోచించే ముందు ఒక పని చేయండి. ముందు ఇరుసును మధ్యలో జాకీతో లేపి, రెండు చక్రాలూ గాలిలో ఉండగా రెండు వైపులా డ్రాగ్ లింకులు (స్టీరింగు పెట్టె నుంచి చక్రాలకు వెళ్ళే కడ్డీలు) విప్పండి. తరువాత ఒక్కొక్క చక్రాన్ని చేత్తో పక్కకు తిప్పి చూడండి. చక్రమే బిగుసుకొని ఉంటే తప్పు కింగ్ పిన్ (చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన నిలువు పిన్ను) బుష్షుల్లోనో, దాని కింది త్రస్ట్ బేరింగులోనో ఉంది. చక్రం తేలికగా తిరిగి, పైన స్టీరింగు మాత్రం బిగుతుగా ఉంటే తప్పు పెట్టెలో ఉంది. రెండూ తేలికగా ఉండి, నేల మీద దించాక మాత్రమే బరువైతే అప్పుడు మీకు నిజంగా పవర్ స్టీరింగు అవసరమని అర్థం.

దమ్ము చేసే బండ్లలో గ్రీజు నిప్పిల్‌లోకి బురద పోయి గట్టిపడుతుంది. పైనుంచి గన్నుతో ఎంత కొట్టినా గ్రీజు లోపలికి పోదు, పక్కనుంచి బయటికి వస్తుంది. పవర్ స్టీరింగు కోసం నా దగ్గరికి వచ్చినవారిలో కొందరు కింగ్ పిన్ బుష్షులు, బేరింగు మార్పించుకొని, టైర్లలో గాలి సరిచూసుకొని అంతటితో తిరిగి వెళ్ళిపోయారు. అరిగిన ఇరుసుకు హైడ్రాలిక్ బలం ఇస్తే ఆ అరుగుదల చేతికి తెలియకుండా పోతుంది. చేతికి తెలియని లోపం చివరికి రోడ్డు మీద చక్రం ఊడినప్పుడే బయటపడుతుంది. నా వర్కుషాపులో నేను ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినను.

మిర్చి_చేను

గుంటూరు జిల్లా నుంచి రాస్తున్నాను. మా ఊరిలో ఒకాయన ఇదే 1035కు లిఫ్టు నూనె లైను నుంచి గొట్టం తీసి ఆర్బిట్రాల్‌కు కలిపించారు. ఒకసారి పని చేసేది, ఒకసారి చేసేది కాదు. ముఖ్యంగా క్లచ్ తొక్కగానే స్టీరింగు రాయిలా బిగుసుకుపోయేది. నెల తిరగకుండానే అంతా పీకించేశారు. కారణం ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. తెలిసినవారు వివరించగలరా?

విశ్రాంత_ఇంజనీరు

బాలానగర్‌లో హైడ్రాలిక్ పరికరాల తయారీలో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి ఈ ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు రాస్తాను.

ఫెర్గూసన్ లిఫ్టు పంపు వెనుక హౌసింగు లోపల, పి.టి.ఓ. (వెనుక పనిముట్లను తిప్పే షాఫ్టు) వైపు షాఫ్టు నుంచి నడుస్తుంది. అందులో నాలుగు పిస్టన్లు ఉంటాయి. దాని ప్రత్యేకత ఏమిటంటే, నూనెను నియంత్రించే వాల్వు బయటికి తోసే వైపున కాకుండా లోపలికి పీల్చే వైపున ఉంటుంది. లిఫ్టు చేతులు కావలసిన ఎత్తుకు చేరగానే ఆ వాల్వు మూసుకొని పంపుకు నూనె అందదు. పంపు తిరుగుతూనే ఉన్నా ఏమీ తోయదు. నాగలి లోతును దానంతట అదే సరిచూసుకొనే పనికి ఇది అద్భుతమైన ఏర్పాటు. కానీ స్టీరింగుకు నూనె ఎడతెగకుండా ప్రవహిస్తూ ఉండాలి కాబట్టి ఈ పంపు దానికి పనికిరాదు. పైగా పంపు క్లచ్ అవతల ఉన్నందువల్ల క్లచ్ పూర్తిగా తొక్కితే ఆగిపోతుంది. మడి చివర గట్టు దగ్గర మలుపు తిప్పేవాడు క్లచ్ మీద కాలు పెట్టిన క్షణంలోనే స్టీరింగు కూడా తిప్పాలి కదా. మీ ఊరి బండిలో జరిగింది అదే. కనుక పంపు ఇంజను నుంచే నేరుగా నడవాలి. దీనికి వేరే దారి లేదు.

ఇక ఆర్బిట్రాల్ అన్నది మొదట చార్-లిన్ కంపెనీ పెట్టిన వ్యాపార నామం. మన మెకానిక్కులు ఏ కంపెనీ యూనిట్‌నైనా ఆ పేరుతోనే పిలుస్తారు. లోపల ఏడు పళ్ళ వలయంలో ఆరు పళ్ళ రోటరు తిరుగుతుంది. మీరు స్టీరింగును ఎంత తిప్పితే అంతే కొలతగా నూనెను సిలిండరుకు పంపడం దాని పని. ఇంజను ఆగిపోయినప్పుడు అదే రోటరు చేతిపంపులా పనిచేస్తుంది. బరువుగా ఉంటుంది గానీ చక్రాలు తిరుగుతాయి. అయితే అది నూనె గొట్టాలు బాగున్నంతవరకే. సిలిండరుకు వెళ్ళే గొట్టం పగిలితే చేతిలో ఏమీ మిగలదు. రోడ్డు మీద ట్రక్కు లాగే బండికి గొట్టాల నాణ్యత విషయంలో పొదుపు చేయకూడదని చెప్పడానికి కారణం ఇదే.

లెక్క వేయాలంటే నాకు రెండు కొలతలు కావాలి. ధాన్యం తూచే కాటా మీదకు ముందు చక్రాలను మాత్రమే ఎక్కించి బరువు చూడండి. కింగ్ పిన్ నడిమి నుంచి డ్రాగ్ లింకు బంతి నడిమి వరకు స్టీరింగు చేయి పొడవు కొలవండి.

కొవెంట్రీ_నుంచి

నేను ఇంగ్లండులో ఉంటున్నాను. నా దగ్గర ఒక పాత మాసీ 35 ఉంది. మీ 1035కు అది అన్న వరుస అవుతుంది. 1956లో ఇక్కడ బ్యానర్ లేన్ కర్మాగారంలో ఫెర్గూసన్ 35 పేరుతో అది మొదలైంది, 1957 చివర ఎర్ర రంగు మాసీ ఫెర్గూసన్ 35 అయింది. చెన్నైలో టాఫే సంస్థ 1960లో ఏర్పడి ఈ వంశాన్ని మన దేశంలో నిలబెట్టింది.

స్టీరింగు విషయంలో ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ వంశపు బండ్లలో రెండు ముందు చక్రాలను కలిపే అడ్డ టై రాడ్ ఉండదు. స్టీరింగు పెట్టెకు రెండు వైపులా రెండు డ్రాప్ ఆర్ములు (పెట్టె నుంచి కిందికి వేలాడే చేతులు), వాటి నుంచి రెండు పొడవాటి డ్రాగ్ లింకులు ఉంటాయి. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ ఉన్న సంబంధం ఆ పెట్టె లోపల మాత్రమే ఉంది. వెనక్కు వంగిన ఇరుసును దీనికి తగ్గట్టు రూపొందించినందువల్ల, ముందు చక్రాల వెడల్పు మార్చినా డ్రాగ్ లింకులను మళ్ళీ సరిచేయనక్కరలేదు. ఒక చక్రానికి మాత్రమే సిలిండరు తగిలిస్తే రెండో చక్రాన్ని తిప్పే బలమంతా అరిగిపోయిన ఆ పాత పెట్టె పళ్ళ మీద పడుతుంది. అలా మార్చిన ఒక బండిని నేను చూశాను. రెండు చక్రాలూ రెండు దిక్కులకు చూస్తున్నాయి.

మిర్చి_చేను

వెడల్పు మార్చే విషయం చెప్పినందుకు కృతజ్ఞతలు. మిర్చిలో, పత్తిలో అంతర సేద్యానికి మేము వెడల్పు మారుస్తూనే ఉంటాము. వరి పొలాల వారికి ఆ అవసరం పెద్దగా రాదు. సిలిండరు పెడితే ఆ సౌకర్యం పోతుందేమో, కనుక నా బండికి ఈ మార్పు చేయించాలా వద్దా అని మళ్ళీ ఆలోచించుకోవాలి.

గోదావరి_గట్టు

అందరికీ కృతజ్ఞతలు. లేత్_పని గారు చెప్పినట్టే ఇరుసును లేపి చూశాము. ఎడమ చక్రం తేలికగా తిరిగింది, కుడి చక్రం చాలా బిగుతుగా ఉంది. విప్పితే త్రస్ట్ బేరింగు గుండ్లు తుప్పు పట్టి ముక్కలైపోయి ఉన్నాయి. రెండు వైపులా బుష్షులు, బేరింగులు కొత్తవి వేయించాము. ఆ తరువాత బండి రోడ్డు మీద చాలా తేలికైంది. నాన్నగారు అంత మాత్రానికే తృప్తి పడ్డారు. అయితే వారం కిందట దాళ్వా దమ్ములో తోలి చూస్తే మడిలో ఇబ్బంది సగం తగ్గింది గానీ పోలేదు.

కాటా మీద ముందు బరువు 680 కిలోలు వచ్చింది. స్టీరింగు చేయి పొడవు 16 సెం.మీ. ఉంది. టైర్లు 6.00-16.

విశ్రాంత_ఇంజనీరు

కొలతలు చక్కగా ఇచ్చారు. నిలబడి ఉన్న బండిని సిమెంటు నేల మీద తిప్పడమే స్టీరింగుకు అతి కఠినమైన పరీక్ష కనుక దానికే లెక్క వేద్దాం. టైరు వెడల్పు సుమారు 15 సెం.మీ., కింగ్ పిన్ గీత నేలను తాకే చోటికీ టైరు నడిమికీ మధ్య దూరం 10 సెం.మీ., రాపిడి గుణకం 0.7 అనుకుంటే, రెండు చక్రాలనూ తిప్పడానికి కావలసిన మెలి బలం సుమారు 5,400 కిలో-సెంటీమీటర్లు అవుతుంది. చక్రం 40 డిగ్రీలు తిరిగి చివరికి చేరినప్పుడు మీ 16 సెం.మీ. చేయి పనికి 12 సెం.మీ. గానే మిగులుతుంది. కాబట్టి సిలిండరు తోయవలసిన బలం 450 కిలోలు.

50 మి.మీ. బోరు, 25 మి.మీ. రాడ్డు ఉండి, రెండు వైపులా రాడ్డు బయటికి వచ్చే సిలిండరు తీసుకుంటే దాని పని వైశాల్యం 14.7 చదరపు సెం.మీ. వస్తుంది. 450 కిలోలకు 30 బార్ ఒత్తిడి చాలు. బురదకూ, ముందు వేలాడదీసే అదనపు బరువులకూ రెట్టింపుకు పైగా కలుపుకొని రిలీఫ్ వాల్వును (ఒత్తిడి హద్దు దాటితే నూనెను వదిలేసే వాల్వు) 70 బార్ దగ్గర పెట్టండి. అప్పుడు గరిష్ఠంగా వెయ్యి కిలోలకు కొంచెం పైన బలం వస్తుంది. ఎక్కువ ఒత్తిడి పెడితే ఇంకా తేలికగా తిరుగుతుందని కొందరు 120, 140 బార్ వరకు బిగిస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ స్టీరింగు చేతులను, బంతి కీళ్ళను తయారు చేసినవారు మనిషి భుజబలాన్ని దృష్టిలో పెట్టుకొని చేశారు. రాయికి చక్రం ఆనుకొని ఉన్నప్పుడు 140 బార్‌తో తోస్తే రాయి కదలకపోవచ్చు, స్టీరింగు చేయి మాత్రం వంగుతుంది.

స్ట్రోకు, అంటే రాడ్డు కదిలే దూరం, 20 సెం.మీ. కావాలి. దానికి 294 సి.సి. నూనె పడుతుంది. 80 సి.సి. ఆర్బిట్రాల్ వేస్తే ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 3.7 చుట్లు వస్తాయి. 100 సి.సి. వేస్తే మూడు చుట్లకు లోపే ఉంటుంది. చుట్లు తగ్గితే ఇంజను ఆగినప్పుడు చేతికి బరువు పెరుగుతుంది కనుక నాన్నగారి భుజాన్ని బట్టి 80 సి.సి. మేలు. ఒకవైపే రాడ్డు ఉన్న సిలిండరు చవకగా దొరుకుతుంది, కానీ రెండు వైపులా వైశాల్యం సమానంగా ఉండదు కాబట్టి ఎడమకు తక్కువ చుట్లు, కుడికి ఎక్కువ చుట్లు పడతాయి. కొనేటప్పుడు ఓపెన్ సెంటరు (స్టీరింగు తిప్పనప్పుడు నూనె డబ్బాకు తిరిగిపోయేది), నాన్ రియాక్షన్ (చక్రాల దెబ్బ చేతికి తెలియనిది) రకమని స్పష్టంగా అడగండి. లోడ్ సెన్సింగు రకం పొరపాటున వస్తే ఈ పంపుతో కుదరదు.

మనిషి సెకనుకు ఒక చుట్టు కంటే వేగంగా తిప్పడం అరుదు. 80 సి.సి. చొప్పున నిమిషానికి 4.8 లీటర్లు అవుతుంది. ఇంజను మెల్లగా, నిమిషానికి 700 చుట్లతో తిరిగేటప్పుడు కూడా పంపు 5 లీటర్లు ఇవ్వగలగాలి.

లేత్_పని

ఇంజనీరు గారి లెక్కకు నా అనుభవం సరిపోతుంది. పంపు గురించి ఒక మాట చేరుస్తాను. మామూలు గేరు పంపుకు నేరుగా పుల్లీ బిగించి ఫ్యాను బెల్టుతో నడిపేవారున్నారు. ఆ షాఫ్టు పక్క లాగుడును భరించదు. ముందు సీలు కారుతుంది, తరువాత బుష్షు పోతుంది. గేరు పంపు వేస్తే పుల్లీకి విడిగా బేరింగు ఉన్న బ్రాకెట్టు కావాలి. దీనికంటే చిన్న లారీల్లో వచ్చే వేన్ పంపు నయం. అది బెల్టు లాగుడుకు తగ్గట్టే తయారైంది. లోపలే ప్రవాహాన్ని అదుపు చేసే వాల్వు కూడా ఉంటుంది. ఇంజను రేజ్ చేసినప్పుడు అనవసరంగా ఎక్కువ నూనె తోయదు. కొనేముందు ప్లేటు మీద లీటర్లు ఎన్నో చూసుకోండి.

లారీ స్టీరింగు పెట్టె గురించి మొదట అడిగారు. ఒకే డ్రాప్ ఆర్మ్, అడ్డ టై రాడ్ ఉన్న ఇతర కంపెనీల ట్రాక్టర్లకు నేను దాన్ని అమర్చాను, బాగానే నడుస్తున్నాయి. అందులో గొట్టం పగిలినా ఇనుప సంబంధం మిగిలే ఉంటుంది. అది నిజంగా పెద్ద గుణం. కానీ మీ 1035కు రెండు డ్రాప్ ఆర్ములు ఉన్నాయి, లారీ పెట్టెకు ఒకటే ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. డ్రాగ్ లింకులు వెనుక నుంచి పొడవుగా వస్తాయి కాబట్టి మీ స్టీరింగు చేతులు పక్కకు తిరిగి ఉన్నాయి. అడ్డంగా పనిచేసే సిలిండరుకు చేతులు ముందుకో వెనక్కో చూడాలి. పాత చేతులను కోసి, వేరే దిక్కుకు తిప్పి వెల్డింగు చేయమని అడిగేవారు చాలామంది వస్తారు. నేను చేయను. అవి ఫోర్జింగు చేసిన ఉక్కు ముక్కలు. వెల్డింగు వేడికి పక్కన పెళుసుబారి ఎప్పుడు విరుగుతాయో తెలియదు. అదే కంపెనీ తరువాత తెచ్చిన పవర్ స్టీరింగు మోడళ్ళ ముందు ఇరుసును చేతులతో, సిలిండరుతో సహా పాత సామాన్ల దుకాణంలో వెతకండి. రెండు వైపులా రాడ్డు ఉన్న ఆ సిలిండరే రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ పని కూడా చేస్తుంది. కొవెంట్రీ మిత్రులు చెప్పిన లోపం దానితో తీరిపోతుంది.

కొవెంట్రీ_నుంచి

పూర్తిగా అంగీకరిస్తున్నాను. ఒక జాగ్రత్త చెబుతాను. సిలిండరును ఇరుసు మీదే బిగించాలి, ఇంజనుకో ముందు ఫ్రేముకో బిగించకూడదు. ఇరుసు మధ్య పిన్ను మీద ఊగుతుంది కదా. సిలిండరు ఫ్రేము మీద ఉంటే గట్టు ఎక్కిన ప్రతిసారీ చక్రాలు వాటంతట అవే పక్కకు తిరుగుతాయి. ఇరుసు రెండు వైపులా పూర్తిగా ఊగినప్పుడు గొట్టాలు బిగుసుకోకుండా ఉండేంత వదులు కూడా ఇవ్వండి.

పాతదే_ముద్దు

నా అభిప్రాయం వేరు. నలభై ఏళ్ళు నడిచిన బండిని ఉన్నది ఉన్నట్టుగా కాపాడుకోవాలని నా కోరిక. మా నాన్నగారి బండిని నేను అలాగే ఉంచాను. మీరు మార్పు చేయించినా పాత ఇరుసును, పెట్టెను, డ్రాగ్ లింకులను అమ్మకుండా గ్రీజు పూసి అటక మీద దాచండి. మరొక విషయం ఏమిటంటే, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనాలలో చేసే మార్పుల గురించే ఉంది. పని మొదలుపెట్టే ముందు రవాణా కార్యాలయంలో, బీమా వారి దగ్గర ఒకసారి అడిగి తెలుసుకోండి.

గోదావరి_గట్టు

రెండు నెలల తరువాత మళ్ళీ రాస్తున్నాను. పని పూర్తయింది.

ఇరుసు దొరకడానికే నెల పట్టింది. రాజమండ్రిలో ఒక పాత సామాన్ల దుకాణంలో చేతులతో సహా దొరికింది. సిలిండరు సీళ్ళు మాత్రం కొత్తవి వేయించాము. స్టీరింగు పెట్టె కేసింగును అక్కడే ఉంచి, లోపలి షాఫ్టు తీయించి, దాని మీద 12 మి.మీ. ప్లేటు వేసి 80 సి.సి. ఆర్బిట్రాల్‌ను నిలబెట్టాము. పంపు లారీ వేన్ పంపే. క్రాంకు పుల్లీకి ఇంకొక గాడి చేర్పించి విడి బెల్టు వేశాము. ఫ్యాను బెల్టు తెగినా స్టీరింగు పోకూడదని నాన్నగారు పట్టుబట్టారు. నూనె డబ్బా అయిదు లీటర్లది. తిరిగి వచ్చే లైనులో ఫిల్టరు పెట్టాము.

మొదటి రోజు జరిగినది చెప్పాలి. చక్రాలు గాలిలో ఉండగానే ఇంజను స్టార్టు చేసి స్టీరింగు ఎడమకు తిప్పితే చక్రాలు కుడికి తిరిగాయి. ఎల్, ఆర్ గొట్టాలు తారుమారయ్యాయి. నేల మీద ఉండి, దారి మీదకు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఊహించలేను. గొట్టాలు మార్చాక, ఇంజను మెల్లగా తిరుగుతుండగా ఈ చివర నుంచి ఆ చివరకు పదిహేనుసార్లు నిదానంగా తిప్పి, నురగ పోయేవరకు డబ్బాలో నూనె నింపుతూ వచ్చాము.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. రెండు గంటలు దమ్ము చేశాక నూనె డబ్బా చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది. అలాగే మొదట నిటారుగా ఉన్న స్టీరింగు చక్రం పుల్లలు ఇప్పుడు బండి తిన్నగా పోతున్నా పక్కకు ఉంటున్నాయి.

విశ్రాంత_ఇంజనీరు

పుల్లలు పక్కకు జరగడం లోపం కాదు. స్టీరింగుకూ చక్రాలకూ ఇప్పుడు ఇనుప సంబంధం లేదు. సీళ్ళ దగ్గరా రోటరు దగ్గరా జారే కొద్దిపాటి నూనె వల్ల అది మెల్లగా జరుగుతూనే ఉంటుంది. బండి తిన్నగా పోతూ ఉండగా ఒకవైపు లాగుతూ ఉంటే మాత్రం సిలిండరు సీలు చూడాలి.

వేడి విషయం అలా వదలకండి. మలుపు పూర్తయిన తరువాత కూడా నాన్నగారు స్టీరింగును చివరకు అదిమి పట్టుకొని ఉంటున్నారేమో గమనించండి. పాత స్టీరింగుకు అలవాటు పడ్డవారు అలాగే చేస్తారు. ఆ సమయంలో నూనె అంతా 70 బార్ రిలీఫ్ వాల్వు గుండా పోతుంది. నిమిషానికి 8 లీటర్లు అలా పోతే దాదాపు ఒక కిలోవాటు వేడి, అంటే చిన్న హీటరు పెట్టినంత. చివరకు తాకగానే పిసరంత వెనక్కు వదిలితే చాలు. డబ్బా ఎక్కడ బిగించారు?

గోదావరి_గట్టు

సైలెన్సరు పక్కన బిగించాము. ఇప్పుడు రాస్తుంటే తప్పు తెలుస్తోంది. ఎడమ వైపు, ఫ్యాను గాలి తగిలే చోటికి మార్పిస్తాము.

మీరన్నది నిజమే. నిన్న పక్కన నిలబడి చూశాను. నాన్నగారు ప్రతి మలుపులోనూ చివర అదిమి పడుతున్నారు. చెబితే ఆశ్చర్యపోయారు. సాయంత్రం ఒక్క చేత్తో తోలుతూ, మలుపు అయిపోగానే కొంచెం వదిలి, నా వైపు చూసి తల ఊపారు. రాత్రి డబ్బా మీద అరచేయి పెట్టి ఉంచగలిగాను.

లేత్_పని

సంతోషమండీ. యాభై గంటలు నడిచాక ఫిల్టరు మార్చండి. కొత్త గొట్టాల లోపలి రజను మొదట్లోనే వస్తుంది. ఇరుసు మీది బోల్టులన్నీ అప్పుడే మళ్ళీ ఒకసారి బిగించి, చక్రాల మలుపుకు హద్దు పెట్టే స్టాపరు బోల్టులు సిలిండరు చివరకు చేరక ముందే తగులుతున్నాయో లేదో చూసి ఇక్కడ రాయండి.